సీక్‌లాక్ వాడటం ఎలా: చదివేవాడికి తాళం లేని లాక్

ఊళ్లో క్రికెట్ టోర్నమెంట్ జరిగేటప్పుడు స్కోరు బోర్డు దగ్గర ఒక కుర్రాడు ఉంటాడు. అంకెల పలకలు మేకులకు తగిలిస్తుంటాడు. స్కోరు 199. ఒక్క పరుగు వచ్చింది. వాడు ముందు ఒకట్ల పలక తీసి సున్నా పెట్టాడు, తర్వాత పదుల పలక మార్చాడు, చివరికి వందల పలక. ఆ మధ్యలో మీరు తల తిప్పి చూస్తే 190 కనిపిస్తుంది. తొమ్మిది పరుగులు మాయం! కుర్రాడు తప్పు చేయలేదు, మీరూ చేయలేదు. చూసిన సమయం తప్పు, అంతే.

32-బిట్ మెషీన్‌లో 64-బిట్ కౌంటర్ చదవడం అచ్చం ఇలాగే ఉంటుంది. లైనక్స్ కెర్నల్‌లో టిక్కులు లెక్కపెట్టే జిఫీస్_64 అనే కౌంటర్ ఉంది. 32-బిట్ ప్రాసెసర్ దాన్ని రెండు ముక్కలుగా చదువుతుంది. కింది సగం 4294967295 దగ్గర ఉన్నప్పుడు చదివి, పై సగం చదివేలోపు ఇంకో టిక్ పడితే, పై సగం 0 నుంచి 1 అయిపోతుంది. చేతికొచ్చే విలువ 4294967296 టిక్కులు ఎక్కువ. సెకనుకు 1000 టిక్కుల కెర్నల్‌లో అది దాదాపు 49.7 రోజులు ముందుకు దూకడం. ఇలాంటి తప్పులు 49 రోజుల దాకా దాక్కోకూడదని, బూట్ అయిన అయిదు నిమిషాలకే కింది సగం నిండిపోయేలా కెర్నల్ రాసినవాళ్లు మొదటి విలువను వెనక్కి పెట్టారు. నాకు కెర్నల్‌లో బాగా నచ్చిన చిన్న పనుల్లో ఇదొకటి.

ఈ చిక్కుకు కెర్నల్ ఇచ్చిన మందు సీక్‌లాక్, అంటే సీక్వెన్స్ లాక్. సొంతంగా ఒక డ్రైవర్‌లో దాన్ని ఎలా పెట్టుకోవాలో మొదటి నుంచి చూద్దాం. సీ భాష, స్పిన్‌లాక్ అంటే ఏమిటి, ఇంటరప్ట్ అంటే ఏమిటి అనేవి మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు కెర్నల్‌లో ఉన్న స్పెల్లింగ్‌తో రాసుకోండి.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

లాక్‌లో ఒక అంకె ఉంటుంది. రైటర్ పని మొదలుపెట్టే ముందు దాన్ని ఒకటి పెంచుతుంది, పని అయ్యాక ఇంకొకటి పెంచుతుంది. కాబట్టి అంకె బేసిగా ఉందంటే ఎవరో రాస్తున్నారని, సరి సంఖ్యగా ఉందంటే ఎవరూ రాయడం లేదని అర్థం. రీడర్ ముందు అంకె చూస్తుంది. బేసి అయితే సరి అయ్యేదాకా ఆగుతుంది. తర్వాత డేటా కాపీ చేసుకుని, మళ్లీ అంకె చూస్తుంది. మారలేదా, కాపీ మంచిదే. మారిందా, పారేసి మళ్లీ మొదటి నుంచి.

రీడర్ లాక్ మీద ఏమీ రాయదు. వేగం అంతా ఇక్కడి నుంచే వస్తుంది. మామూలు రీడర్-రైటర్ లాక్‌లో చదివేవాళ్లు కూడా లోపలి కౌంటర్ పెంచాలి, తగ్గించాలి. పది కోర్లు ఒకేసారి చదివితే ఆ కౌంటర్ ఉన్న కాష్ లైన్ (కాష్ మెమరీ ఒకేసారి కదిలించే ముక్క) కోర్ల మధ్య బంతిలా తిరుగుతుంది. సీక్‌లాక్‌లో అది ఉండదు. ఇంకో లాభం, రీడర్లు ఎంతమంది ఉన్నా రైటర్ వాళ్లకోసం ఆగదు. టైమ్ అప్‌డేట్ చేసే ఇంటరప్ట్ ఆగిపోతే గడియారమే తప్పుతుంది కదా, అందుకే ఇది మొదట టైమ్ చదవడానికే పుట్టింది. 64-బిట్ ఎక్స్86 మెషీన్లలో సిస్టమ్ కాల్ లేకుండా టైమ్ చదవడానికి కీత్ ఓవెన్స్, ఆండ్రియా ఆర్కాంజెలీ రాసిన కోడ్ దీనికి ఆధారం. ఇప్పటికీ మీ ప్రోగ్రామ్ టైమ్ అడిగినప్పుడు వీడీఎస్ఓ పేజీలో (కెర్నల్ ప్రతి ప్రోగ్రామ్‌కూ అందుబాటులో ఉంచే కోడ్‌లో) జరిగేది ఈ బేసి-సరి ఆటే.

ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. రీడర్‌కు ఇక్కడ తాళం లేదు. తాను చదివింది చెడిపోయిందా లేదా అని *తర్వాత* తెలుసుకునే అవకాశం మాత్రమే ఉంది. పేరులో లాక్ అని ఉండటం వల్ల చాలామంది ఇది మరిచిపోతారు. నేనూ మరిచిపోయాను, ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

మొదటి అడుగు: అసలు మీకు ఇది కావాలా?

మీరు కాపాడాల్సింది ఒక్క ఇంటిజరే అయి, అది మెషీన్ ఒకేసారి చదవగలిగే సైజులో ఉంటే విలువను ఒకే దెబ్బలో చదివే, రాసే రీడ్_వన్స్, రైట్_వన్స్ చాలు. సీక్‌లాక్ అనవసరం.

రెండు మూడు ఫీల్డులు కలిసి ఒకే క్షణానివై ఉండాలి, చదవడం ఎక్కువ, రాయడం అరుదు, డేటా చిన్నది, రెండోసారి చదవాల్సి వచ్చినా రీడర్‌కు నష్టం లేదు. ఇవన్నీ ఉంటే ముందుకు వెళ్లండి.

డేటాలో పాయింటర్ ఉందా? అయితే ఇక్కడే ఆగండి. రీడర్ పాయింటర్ చదివి దాని వెంట వెళ్లేలోపు రైటర్ ఆ మెమరీని ఫ్రీ చేసేయవచ్చు. "తర్వాత అంకె చూసి మళ్లీ చదువుదాం" అనుకోవడానికి మీరు అప్పటికి మిగిలి ఉండరు, కెర్నల్ పడిపోయి ఉంటుంది. పాయింటర్లు ఉన్నచోట ఆర్‌సీయూ (పాత మెమరీని రీడర్లందరూ వదిలాకే ఫ్రీ చేసే పద్ధతి) చూడండి. రెండూ కలిపి వాడే చోట్లూ ఉన్నాయి. ఫైల్ పాత్ వెతికేటప్పుడు మధ్యలో ఎవరైనా డైరెక్టరీ పేరు మార్చారా అని రీనేమ్_లాక్ అనే సీక్‌లాక్ చెబుతుంది. మెమరీ మాయం కాకుండా చూసే పని మాత్రం ఆర్‌సీయూది.

మన ఉదాహరణ ఒక సెన్సర్ డ్రైవర్. హార్డ్‌వేర్ ఇచ్చే పచ్చి రీడింగ్‌ను అసలు విలువగా మార్చడానికి స్కేల్, ఆఫ్‌సెట్ అనే రెండు అంకెలు, అవి ఎప్పుడు సవరించారో చెప్పే సమయం. సవరణ ఎప్పుడో ఒకసారి ఒక వర్క్‌క్యూ (పనులను వాయిదా వేసి తర్వాత థ్రెడ్‌లో నడిపే కెర్నల్ ఏర్పాటు) నుంచి జరుగుతుంది. చదవడం మాత్రం ప్రతి శాంపిల్‌కూ, ఇంటరప్ట్ హ్యాండ్లర్ నుంచి కూడా.

రెండో అడుగు: ఏ రకం ఎంచుకోవాలి

కొత్తగా మొదలుపెడుతుంటే సీక్‌లాక్_టీ తీసుకోండి. అందులో అంకెతో పాటు ఒక స్పిన్‌లాక్ కూడా ఉంటుంది, కాబట్టి ఇద్దరు రైటర్లు ఒకేసారి వచ్చినా ఒకరి తర్వాత ఒకరు వెళ్తారు.

సీక్‌కౌంట్_టీ అంటే ఉత్త అంకె. రైటర్లు ఒకరినొకరు తొక్కుకోకుండా చూసే బాధ్యత పూర్తిగా మీది. మీ దగ్గర ఇప్పటికే స్పిన్‌లాకో మ్యూటెక్సో ఉంటే, దాన్ని ముడిపెట్టే రకాలు 2020లో వచ్చిన 5.9 కెర్నల్ నుంచి ఉన్నాయి: సీక్‌కౌంట్_స్పిన్‌లాక్_టీ, సీక్‌కౌంట్_మ్యూటెక్స్_టీ లాంటివి. వీటితో, లాక్ తీసుకోకుండా రాయడానికి వెళ్తే లాక్‌డెప్ (లాక్‌ల వాడకంలో తప్పులు వెతికే కెర్నల్ డీబగ్ సాధనం) పట్టిస్తుంది. ఉత్త సీక్‌కౌంట్_టీ వాడి "లాక్ ఉందిలే" అని కామెంట్ రాయడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. కామెంట్లను లాక్‌డెప్ చదవదు.

```
స్ట్రక్ట్ కాలిబ్ {
    సీక్‌లాక్_టీ లాక్;
    యూ32 స్కేల్;
    ఎస్32 ఆఫ్‌సెట్;
    యూ64 సమయం;
};
```

పరికరం దొరికినప్పుడు నడిచే ప్రోబ్ ఫంక్షన్‌లో సీక్‌లాక్_ఇనిట్(&కా->లాక్) పిలవండి (కా అంటే ఈ స్ట్రక్చర్‌కు పాయింటర్). మెమరీ సున్నాలతో వచ్చింది కదా అని వదిలేయకండి. డీబగ్ ఆప్షన్లు లేని కెర్నల్‌లో తరచుగా అలాగే నడిచిపోతుంది, లాక్‌డెప్ ఆన్ చేసిన రోజు అరుస్తుంది.

మూడో అడుగు: రాసే వైపు

```
రైట్_సీక్‌లాక్_ఐఆర్‌క్యూసేవ్(&కా->లాక్, ఫ్లాగ్స్);
కా->స్కేల్ = కొత్త_స్కేల్;
కా->ఆఫ్‌సెట్ = కొత్త_ఆఫ్‌సెట్;
కా->సమయం = ఇప్పుడు;
రైట్_సీక్‌అన్‌లాక్_ఐఆర్‌క్యూరిస్టోర్(&కా->లాక్, ఫ్లాగ్స్);
```

ఉత్త రైట్_సీక్‌లాక్ చాలదా, ఐఆర్‌క్యూసేవ్ ఎందుకు? ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి, ఎందుకంటే అనుభవం ఉన్నవాళ్లు కూడా దీని దగ్గరే జారతారు. "రీడర్ లాకే తీసుకోదు, మరి డెడ్‌లాక్ ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడుగుతారు.

వస్తుంది. వర్క్‌క్యూ సున్నా నంబరు కోర్ మీద రాయడం మొదలుపెట్టింది, అంకె బేసి అయ్యింది. సరిగ్గా అప్పుడే అదే కోర్ మీద ఇంటరప్ట్ వచ్చింది. హ్యాండ్లర్ చదవబోయింది. అంకె బేసి కాబట్టి సరి అయ్యేదాకా తిరుగుతుంది. అంకెను సరి చేయాల్సిన రైటరేమో ఈ హ్యాండ్లర్ ముగిస్తేనే కదులుతుంది. ఇద్దరూ ఒకే కుర్చీ కోసం చూస్తున్నట్టు. ఆ కోర్ ఇక లేవదు. రాసినంతసేపూ ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లు ఆపితే ఈ గొడవ లేదు. మీ రీడర్లు సాఫ్ట్‌ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ పనిలో కాసేపు వాయిదా వేసిన భాగం) దాకా మాత్రమే ఉంటే రైట్_సీక్‌లాక్_బీహెచ్ సరిపోతుంది. ఇంటరప్ట్‌ల నుంచి అసలు చదవకపోతే ఉత్తది చాలు.

ఇంటరప్ట్ రాకపోయినా ఇదే ఉచ్చులో పడే ఇంకో దారి ఉంది: రాసే సెక్షన్‌లోనే మీరు పిలిచిన ఏదో ఫంక్షన్, చుట్టూ తిరిగి, అదే డేటాను చదవడం. 2008 డిసెంబర్ 31న లీప్ సెకను కలిపినప్పుడు కొన్ని లైనక్స్ మెషీన్లు ఇలాగే బిగుసుకుపోయాయి. మన దేశంలో అప్పుడు జనవరి 1 తెల్లవారుజాము, 5:29 దాటి 5:30 అవ్వబోతోంది. టైమ్‌ను కాపాడే ఎక్స్‌టైమ్_లాక్ అనే సీక్‌లాక్‌ను రాయడానికి పట్టుకుని ఉండగానే, కెర్నల్ "లీప్ సెకను కలుపుతున్నాను" అని ఒక లైన్ ప్రింట్ చేసింది. ఆ ప్రింట్ లాగ్ రాసే ప్రాసెస్‌ను నిద్ర లేపింది. నిద్ర లేపడంలో షెడ్యూలర్‌కు కొన్నిసార్లు టైమ్ కావాల్సి వచ్చింది. టైమ్ చదవాలంటే అదే ఎక్స్‌టైమ్_లాక్ సరి అంకెకు రావాలి. ఇంకేముంది.

అందుకే రాసే సెక్షన్‌లో అసైన్‌మెంట్లు తప్ప ఏమీ ఉండకూడదని నేను పట్టుబడతాను. లెక్కలన్నీ ముందే చేసుకోండి, ప్రింట్‌లు బయటికి వచ్చాక. ఇంటరప్ట్‌లు ఆపి ఉన్న సెక్షన్ కాబట్టి నిద్రపోయే ఫంక్షన్ల మాట ఎలాగూ ఉండకూడదు.

నాలుగో అడుగు: చదివే వైపు

```
అన్‌సైన్డ్ సీక్;

డూ {
    సీక్ = రీడ్_సీక్‌బిగిన్(&కా->లాక్);
    స్కేల్ = కా->స్కేల్;
    ఆఫ్‌సెట్ = కా->ఆఫ్‌సెట్;
    సమయం = కా->సమయం;
} వైల్ (రీడ్_సీక్‌రీట్రై(&కా->లాక్, సీక్));

విలువ = (పచ్చి - ఆఫ్‌సెట్) / స్కేల్;
```

చివరి లైన్ లూప్ బయట ఉంది, చూశారా? నేను మొదటిసారి రాసినప్పుడు దాన్ని లూప్ లోపల పెట్టాను. మూడు లైన్లు తగ్గాయని సంబరపడ్డాను కూడా. రాసే వైపు కోడ్ మా టీమ్‌లో ఇంకొకరిది. అది ముందు స్ట్రక్చర్‌లోని డేటా భాగమంతా మెమ్‌సెట్‌తో సున్నా చేసి, తర్వాత ఒక్కో ఫీల్డు నింపేది. లాక్ లోపలే చేస్తోంది కాబట్టి దానిది తప్పని అనలేం. రీడర్ మాత్రం ఆ మధ్యలో దూరితే స్కేల్ సున్నా. సున్నాతో భాగారం.

ఇందులో గమ్మత్తు ఏమిటంటే మేం టెస్ట్ చేసింది 64-బిట్ ఆర్మ్ బోర్డు మీద. అక్కడ సున్నాతో భాగించే ఇన్‌స్ట్రక్షన్ గొడవ చేయదు, జవాబుగా సున్నా ఇచ్చి ఊరుకుంటుంది. ఆ తర్వాత అంకె మారిందని తెలిసి లూప్ మళ్లీ తిరుగుతుంది, రెండోసారి సరైన జవాబు వస్తుంది. అంతా బాగున్నట్టే. అదే కోడ్ ఎక్స్86 మెషీన్ మీదకు వెళ్లాక ఊప్స్, అంటే కెర్నల్ క్రాష్ మెసేజ్. అక్కడ సున్నాతో భాగిస్తే ప్రాసెసర్ ఎక్సెప్షన్ లేపుతుంది, రీట్రై దాకా వెళ్లనివ్వదు. కోడ్ రివ్యూలో నలుగురం చూశాం, ఒక్కరికీ తట్టలేదు. "లాక్ లోపలే ఉంది కదా" అనే అందరం అనుకున్నాం.

రీడ్_సీక్‌రీట్రై "మారలేదు" అని చెప్పేదాకా మీ చేతిలో ఉన్నది డేటా కాదు, అనుమానం. అనుమానంతో భాగించకండి, దాన్ని అరే ఇండెక్స్‌గా వాడకండి, లూప్ ఎన్నిసార్లు తిరగాలో దాన్నిబట్టి నిర్ణయించకండి, హార్డ్‌వేర్ రిజిస్టర్‌లో రాయకండి, కౌంటర్ పెంచకండి. చివరి రెండూ మరీ ప్రమాదం, ఎందుకంటే లూప్ రెండుసార్లు తిరిగితే ఆ పని రెండుసార్లు జరుగుతుంది. లోకల్ వేరియబుల్స్‌లోకి కాపీ, అంతే. మిగతాదంతా లూప్ కింద.

మెమరీ చదవడం, రాయడం వరుస తారుమారు కాకుండా ఆపే బారియర్ల సంగతి కూడా చెప్పాలి. డేటా చదవకముందే రెండో అంకె చదివేస్తే ఈ తతంగమంతా వృథా. అందుకని రీడ్ వైపు, రైట్ వైపు ఫంక్షన్లలో మెమరీ బారియర్లు ఉంటాయి, మీరు వేరే పెట్టక్కర్లేదు. కానీ "ఇంతే కదా, ఒక అంకె పెంచడమే కదా" అని సొంతంగా రాసుకోవాలనిపిస్తే, రాయకండి. ఎక్స్86లో మామూలు మెమరీ రీడ్‌ల వరుస రీడ్‌లతో, రైట్‌ల వరుస రైట్‌లతో తారుమారు కాదు కాబట్టి, కంపైలర్ అటూ ఇటూ చేయకపోతే మీ కోడ్ బారియర్లు లేకుండానే నడుస్తుంది. ఆర్మ్ అలాంటి మాట ఇవ్వదు. పైన చెప్పిన భాగారం తప్పు ఆర్మ్‌లో దాక్కుంటే, ఈ తప్పు ఎక్స్86లో దాక్కుంటుంది. రెండింటి మీదా టెస్ట్ చేయమని చెప్పేది అందుకే.

అంకె 32 బిట్లే కదా, తిరిగి తిరిగి పాత విలువకే వస్తే? రావాలంటే మీరు ఒక్కసారి చదివేలోపు కనీసం 214 కోట్ల సార్లు రాయడం జరగాలి. ఈ టెన్షన్ వదిలేయండి.

అయిదో అడుగు: మామూలు దారి చాలనప్పుడు

రాతలు అనుకున్నదానికంటే ఎక్కువైతే రీడర్ మళ్లీ మళ్లీ మొదటికి వస్తుంది. చదివే పని పొడుగైతే ఇంకా కష్టం. అప్పుడు రీడ్_సీక్‌బిగిన్_ఆర్_లాక్ వాడండి. మొదటిసారి లాక్ లేకుండా ప్రయత్నిస్తుంది, కుదరకపోతే రెండోసారి స్పిన్‌లాక్ తీసుకుని రైటర్లను ఆపి మరీ చదువుతుంది. దానితో జతగా నీడ్_సీక్‌రీట్రై, డన్_సీక్‌రీట్రై రెండూ ఉండాలి. రీనేమ్_లాక్‌ను చదివే కొన్ని చోట్ల కెర్నల్ ఈ పద్ధతే వాడుతుంది.

ఎన్ఎంఐ (మాస్క్ చేయడానికి వీల్లేని ఇంటరప్ట్) నుంచి చదవాలంటే పైవేవీ పనికిరావు. ఎన్ఎంఐని ఆపలేం కాబట్టి, రైటర్ మధ్యలో ఉండగా అది వస్తే తిరుగుతూనే ఉండిపోతుంది. దానికి సీక్‌కౌంట్_లాచ్_టీ ఉంది: డేటాకు రెండు కాపీలు ఉంచి, రైటర్ ఒకదాన్ని మారుస్తుండగా రీడర్‌ను రెండోదాని వైపు పంపుతుంది. స్కోరు బోర్డులు రెండు పెట్టినట్టు. టైమ్ చదివే కేటైమ్_గెట్_మోనో_ఫాస్ట్_ఎన్ఎస్ ఇలాగే పనిచేస్తుంది.

రియల్-టైమ్ కెర్నల్ వాడుతున్నారా? 6.12 నుంచి ఆ ఆప్షన్ మెయిన్‌లైన్‌లోనే దొరుకుతోంది కాబట్టి, "మాకు సంబంధం లేదు" అనడం ఇక కుదరదు. అందులో స్పిన్‌లాక్ పట్టుకున్న రైటర్‌ను కూడా మధ్యలో ఆపి వేరే టాస్క్ నడపవచ్చు. ఎక్కువ ప్రయారిటీ ఉన్న రీడర్ వచ్చి బేసి అంకె చూస్తూ తిరుగుతుంటే రైటర్‌కు కోర్ ఎప్పటికీ దొరకదు. అందుకే అక్కడ రీడర్, అంకె బేసిగా ఉంటే, లాక్‌ను ఒకసారి తీసుకుని వదులుతుంది. దాంతో రైటర్‌కు ప్రయారిటీ వచ్చి పని ముగుస్తుంది. ఇది జరగాలంటే ఏ లాక్ అనేది కెర్నల్‌కు తెలియాలి. సీక్‌లాక్_టీకి తెలుసు, లాక్‌తో ముడిపెట్టిన రకాలకూ తెలుసు. ఉత్త సీక్‌కౌంట్_టీకి తెలియదు. రెండో అడుగులో నేను అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

చివరగా, టెస్ట్ చేయండి

లాక్‌డెప్ ఆన్ చేసిన కెర్నల్‌లో ఒకసారి నడపండి. ఇంటరప్ట్‌లు ఆపడం మరిచిపోతే, నిజంగా బిగుసుకునే దాకా ఆగకుండా ముందే చెబుతుంది.

తర్వాత ఒక చిన్న మాడ్యూల్ రాయండి. రెండు ఫీల్డులు, రెండోది ఎప్పుడూ మొదటిదానికి బిట్లు తిరగేసిన రూపం. ఒక థ్రెడ్ ఆపకుండా రాస్తుంది, మిగతా కోర్లన్నిటి మీదా రీడర్ థ్రెడ్లు. లూప్ బయటికి వచ్చాక రెండు ఫీల్డులను ఎక్స్‌ఓఆర్ చేస్తే అన్ని బిట్లూ 1 రావాలి. ఒక్కసారి రాకపోయినా ఎక్కడో పొరపాటు ఉంది. మీ టెస్ట్ నిజంగా పట్టుకోగలదో లేదో చూడాలంటే రీట్రై చెక్‌ను కావాలని తీసేసి నడపండి. అప్పుడు కూడా ఏమీ దొరకకపోతే సందేహించాల్సింది టెస్ట్‌నే. రాతలు చాలినంత వేగంగా లేవో, రీడర్లు రైటర్ కోర్ మీదే కూర్చున్నాయో చూసుకోండి.

డీబగ్ బిల్డ్‌లో ఇంకొకటి కూడా పెట్టండి: ఒక్కో రీడర్‌కు ఎన్నిసార్లు రీట్రై అయ్యిందో లెక్కపెట్టే పర్-సీపీయూ (ఒక్కో కోర్‌కు వేరుగా ఉండే) కౌంటర్. దాన్ని లోకల్ వేరియబుల్‌లో పెంచుకుని, లూప్ అయ్యాక అసలు కౌంటర్‌కు కలపండి. నిజమైన లోడ్ మీద ఒక రోజు వదిలేసి చూడండి. అంకె దాదాపు సున్నా దగ్గరే ఉంటే సరే. రీడ్‌ల సంఖ్యతో పాటే అదీ ఎక్కుతుంటే, మీ డేటాలో రాతలు అరుదని మొదటి అడుగులో అనుకున్నది తప్పు. సీక్‌లాక్‌ను సవరించడంలో సమయం పెట్టకుండా తిరిగి అక్కడికే వెళ్లండి.